కురుదేశపు కొండల్లో పది రోజులు
(ప్రసంగ పాఠం)



గత నవంబరులో మన సంఘం నుండి పదకొండుమందిమి ఢిల్లీ ప్రాంతానికి వెళ్లి వచ్చాము. ఆ యాత్రను గురించి, ముఖ్యంగా అక్కడ మేము గడిపిన అరణ్యవాసం గురించి మాట్లాడవలసిందని కార్యవర్గం వారు కోరారు. బయలుదేరడానికి ముందురోజు మా తల్లిగారికి ఈ సంగతి చెప్పాము. పట్టణాల్లో నివసించేవారు ప్రకృతితో తెగిపోయిన బంధాన్ని కలుపుకొనడానికి అడవి అంచున గుడారాలు వేసుకొని, ఆసనాలు వేసి, చెట్ల మధ్య మౌనంగా కూర్చుంటారనీ, దానికి రోజుకు ఇంత అని రుసుము ఉంటుందనీ వివరించాము. ఆమె అంతా విని, "ఏం నాయనా, కంపల్లోకి పోవడానికి గూడా దుడ్లు కట్టాల్నా?" అని అడిగింది. నలభై ఏళ్లు సర్కారు తుమ్మ కంప కొట్టి, మోపు కట్టి, నెత్తిన మోసి పొయ్యి వెలిగించిన మనిషి ఆమె. ఆ ముళ్ల గుర్తులు అరచేతుల్లో ఇంకా ఉన్నాయి. చరిత్ర బోధించే మాకు ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు దొరకలేదు. ఈనాటి ప్రసంగం ఆమెకు చెప్పవలసి ఉండిన జవాబేనని మీరు భావించవచ్చును.

ఢిల్లీ అనగానే మనకు ఎర్రకోట, పార్లమెంటు, కుతుబ్ మీనారు గుర్తుకు వస్తాయి. బౌద్ధునికి మరొక ఢిల్లీ ఉన్నది. నేటి ఢిల్లీ, హర్యానా ప్రాంతం ఆనాటి కురుదేశం. ఆ దేశంలో కమ్మాసదమ్మ అనే పట్టణం దగ్గర బుద్ధ భగవానుడు మహాసతిపట్ఠాన సుత్తాన్ని బోధించినట్లు దీఘనికాయం చెబుతున్నది. ధ్యానానికి కూర్చునే చోటు ఏది అన్న ప్రశ్నకు ఆ సుత్తం ఇచ్చే జవాబులో మూడు చోట్లు ఉన్నాయి: అరణ్యం, చెట్టు మొదలు, ఎవరూ లేని ఖాళీ ఇల్లు. అడవి లేనివానికి చెట్టు చాలును, చెట్టు కూడా లేనివానికి ఖాళీ గది చాలును. ఈ మూడింటిలో దేనికీ రుసుము లేదన్న మాట మా తల్లిగారి కోసం చెబుతున్నాము.

ఆ కురుదేశపు కొండలే ఆరావళీ పంక్తి. అవి హర్యానా దక్షిణ భాగం గుండా వచ్చి ఢిల్లీ నగరంలో రిడ్జ్ అనే పేరుతో ముగుస్తాయి. కొండలంటే మన నల్లమల వలె ఊహించుకొనరాదు. బాగా అరిగిపోయిన రాతి గుట్టలవి. వాటిపై అధికంగా కనిపించే చెట్టును అక్కడివారు విలాయతీ కీకర్ అంటారు. దగ్గరికి వెళ్లి చూడగానే మా బృందంలోని స్త్రీలు పకపక నవ్వారు. అది మన సర్కారు తుమ్మ! అమెరికా ఖండాల నుండి వచ్చిన ఆ మొక్కను ఆంగ్లేయుల కాలంలో రిడ్జ్‌ను పచ్చగా చేయడానికి నాటారు. దాని నీడలో తక్కిన మొక్కలు పెరగవు. రాజధానిలోనూ, మా కర్నూలు బీడుల్లోనూ ఒకే చెట్టు రాజ్యమేలుతున్నది. ఆ కొండలు అసలు ఎట్లా ఉండేవో చూడాలంటే గుర్‌గావ్, ఫరీదాబాద్‌ల నడుమనున్న మాంగర్ బనీకి వెళ్లాలి. అక్కడ గుజ్జరు పశుపాలకులు ఒక సాధువు పేరిట తరతరాలుగా కొమ్మ విరవకుండా కాపాడుకున్న లోయలో ధౌ చెట్లు దట్టంగా మిగిలి ఉన్నాయి.

ఇక శిబిరం సంగతి. మా బృందంలోని ఒక యువమిత్రుడు ముందుగానే ఉత్సాహపడి, సోహ్నా వైపు వెళ్లే దారిలో ఒక ఫార్మ్‌హౌస్‌లో "యోగ, అరణ్య శిబిరం" పేరుతో జరిగే ఒకరోజు కార్యక్రమానికి మా అందరి పేర్లూ రాయించాడు. ఆ స్థలం పేరు చెప్పవలసిన అవసరం లేదు. అటువంటివి ఆ దారి పొడవునా ఉన్నాయి. ఎత్తైన గోడ, దానిపై తీగ, లోపల కత్తిరించిన పచ్చిక, వెదురు గుడారాలు. ఉదయం ఆసనాలు బాగానే నేర్పారు, అందులో మాకు ఫిర్యాదు లేదు. తరువాత శిక్షకురాలు పాదరక్షలు విడిచి పచ్చికపై నడవమన్నారు. ఉత్తకాళ్లు నేలను తాకితే మనసులోని బరువు దిగిపోతుందని చెప్పారు. అందరూ కన్నులు అరమూసి నడుస్తున్నారు. మా వెనుక నడుస్తున్న పెద్దాయన, ఆర్టీసీలో కండక్టరుగా పదవీ విరమణ చేసినవారు, మా చెవి దగ్గరికి వంగి, "సార్, మా ఊరి పెద్ద వీధిలో చెప్పులు చేతబట్టుకొని నడిచినాం గదా, అప్పుడు గూడా ఇంత పుణ్యం వచ్చుండాల్నే!" అన్నారు.

మేము నవ్వలేకపోయాము. ఉత్తకాళ్ల నడక ఒకరికి సాధన, మరొకరికి శిక్ష. ఆ రెంటి మధ్యనున్న దూరాన్ని కొలవకుండా ప్రకృతిని గురించి మాట్లాడడం మన సమాజానికి సాధ్యం కాదని ఆ పచ్చికపై నిలబడి అనుకున్నాము. అదే సమయంలో గోడ అవతల కట్టెల మోపుతో ఒక స్త్రీ వెళ్తున్నది. ఎవరినో కేక వేసి పిలిచింది. కాపలావాడు గేటు దగ్గరికి పోయి, లోపల ధ్యానం జరుగుతున్నదనీ, అరవవద్దనీ ఆమెను గద్దించాడు. ఆ క్షణంలో మమ్మల్ని పక్షుల శబ్దాలు వినమని చెబుతున్నారు.

ఆ రాత్రి మా బృందంలో పెద్ద చర్చ జరిగింది. ఈ ధ్యానాలు, అడవులు అన్నీ కలవారి కాలక్షేపమనీ, బాబాసాహెబ్ చూపిన ధమ్మం బడుల్లో, బస్తీల్లో, చట్టసభల్లో ఉన్నదనీ కొందరు అన్నారు. మనలో చాలామంది అభిప్రాయం కూడా అదేనని మాకు తెలుసు. దానిలో బలమున్నది. భిక్షువు తన ఒక్కని పరిపూర్ణత కోసం బ్రతికేవాడా, ప్రజాసేవకుడా అని అంబేద్కర్ సూటిగా అడిగారు. సేవకుడైతేనే బౌద్ధానికి ఆశ ఉన్నదని ఆయన నమ్మకం. అయినప్పటికీ మేము అనుకున్న ప్రకారం మరునాడు సోహ్నా సమీపంలోని రాహకా గ్రామం వద్దనున్న ధమ్మ సోత విపశ్యనా కేంద్రానికి వెళ్లాము. పాలీలో సోత అంటే ప్రవాహం. మా హైదరాబాదులోని ధమ్మ ఖేత్త వంటిదే అది కూడా. సత్యనారాయణ గోయెంకా గారు 1969లో బర్మా నుండి తిరిగి తెచ్చిన సాధనా సంప్రదాయం. అక్కడ రుసుము లేదు. ముందు శిబిరాల్లో కూర్చున్నవారు ఇచ్చిన దానంతో తరువాతివారికి అన్నం వండుతారు.

నియమాలు మీలో కొందరికి తెలిసినవే. తెల్లవారుజామున 4 గంటలకు గంట మోగుతుంది. రాత్రి 9 గంటల వరకు సాధన. మధ్యాహ్న భోజనం 11 గంటలకు. ఫోను, పుస్తకం, కలం అన్నీ అప్పగించాలి. తొమ్మిది రోజులు ఎవరితోనూ మాట, సైగ ఉండవు. మొదటి మూడు రోజులు శ్వాసను గమనించడం, నాలుగవ రోజు నుండి దేహంలోని వేదనలను గమనించడం. ఆ పది రోజులూ యోగాసనాలు వేయడానికి కూడా వీలు లేదు! యోగ శిబిరం నుండి నేరుగా వచ్చిన మా యువమిత్రుని ముఖం చూడవలసిందే.

ఇక్కడ యోగను గురించి ఒక మాట. 2015 జూన్ 21న ఢిల్లీ రాజపథ్‌పై 35,985 మంది ఒకేచోట ఆసనాలు వేసి ప్రపంచ రికార్డు సృష్టించారు. అప్పటి నుండి యోగ అంటే ఒక మతపు ఆస్తి అని కొందరు గర్వపడుతుంటే, అందుచేతనే అది మనకు అంటరానిదని మనవారు కొందరు దూరం జరుగుతున్నారు. చరిత్ర ఈ ఇద్దరినీ సమర్థించదు. సిద్ధార్థుడు ఆలార కాలాముని వద్ద, ఉద్దక రామపుత్తుని వద్ద ధ్యాన పద్ధతులు అభ్యసించి, అవి చాలవని ముందుకు సాగాడు. అసంగ, వసుబంధుల దర్శనానికి యోగాచారమనే పేరు. మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అనే నాలుగింటినీ పతంజలి యోగసూత్రాల్లోనూ చూస్తాము, మన బ్రహ్మవిహారాల్లోనూ చూస్తాము. ఎవరి సొమ్మో తేల్చుకునే తగవు మనకు అనవసరం.

మౌనం మొదలైన తరువాత మా చెవులకు పని పెరిగింది. ఆ గుట్టల్లో నెమళ్లు చాలా ఎక్కువ. ఐదవ రోజు తెల్లవారకముందు ధ్యానమందిరానికి నడుస్తుండగా చీకట్లో ఎండుపుల్ల విరిగిన చప్పుడైంది. గుండె ఝల్లుమన్నది. నెమలే అయి ఉంటుంది. ఆ క్షణంలో మజ్ఝిమనికాయంలోని భయభేరవ సుత్తం మనసులో మెదిలింది. బోధికి ముందు అడవిలో ఒంటరిగా ఉన్న రాత్రులను గురించి బుద్ధుడు జాణుస్సోణి అనే బ్రాహ్మణునికి చెబుతాడు. మృగమేదో దగ్గరికి వచ్చేది, నెమలి పుల్లను విరిచేది, గాలికి ఆకులు గలగలమనేవి. అదుగో, భయం వస్తున్నదని తెలిసేది. నడుస్తుండగా భయం వస్తే నడుస్తూనే, కూర్చుండగా వస్తే కూర్చుండియే, అది అణగేవరకు భంగిమ మార్చలేదని ఆయన మాట. ఆ సుత్తాన్ని తరగతిలో ఎన్నోసార్లు పాఠం చెప్పాము. నెమలి పుల్ల విరవడమనేది ఒక అలంకారమనే ఇంతకాలం అనుకున్నాము.

ఆరవ రోజు మధ్యాహ్నం జరిగినది చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాము. సభలో యువకులున్నారు గనుక చెబుతున్నాము. కదలకుండా కూర్చున్న గంటలో, మోకాళ్ల నొప్పి నడుమ, మా పదేళ్ల వయసు నాటి సంఘటన ఒకటి లేచి వచ్చింది. ఎండాకాలం. ఒక ఆసామి తోటలో మోటారు నీళ్లు పడే తొట్టి దగ్గర దోసిలి పట్టి తాగుతున్నాము. వెనుక నుండి కేక. ఆ కేకలో మా కులం పేరు ఉన్నది. మింగుతున్న నీళ్లు గొంతులోనే ఆగిపోయాయి. కొట్టలేదు. తొట్టి నీళ్లన్నీ బయటికి వదిలించి, మా చేతనే కడిగించారు. ముప్పై అయిదేళ్ల తరువాత, కురుదేశపు కొండల్లో, ఆ గొంతు బిగువు యథాతథంగా వచ్చింది. అప్పుడు తెలిసింది. మాకు అడవి భయం ఎన్నడూ లేదు. చీకటి, పాము, తేలు ఇవేవీ కాదు. మా భయమంతా ఊరు. చప్పుడైతే ఉలిక్కిపడిన గుండె నెమలికి కాదు ఉలిక్కిపడినది.

భయం ఆ రోజుతో పోయిందని చెప్పడానికి రాలేదు. పోలేదు. కాని దానిని కదలకుండా కూర్చుండి చూశాము. గొంతులో ఎక్కడ మొదలవుతుందో, ఎంతసేపు ఉంటుందో, ఎట్లా సడలుతుందో చూశాము. ఇంతకాలం అది మమ్మల్ని చూస్తూ వచ్చింది. ఆ పది రోజుల్లో మరొకటి కూడా గమనించాము. మా పక్క ఆసనంపై కూర్చున్నవారి ఇంటిపేరు మాకు తెలియదు, మాది వారికి తెలియదు. మన దేశంలో పది పగళ్లు, పది రాత్రులు కులం ఎవరూ ఆరా తీయకుండా మేము గడిపిన కాలం అదొక్కటే. తిరుగు ప్రయాణంలో బస్సెక్కి ఊపిరి పీల్చుకునే లోపే ఒక సహప్రయాణికుడు మా పేరడిగి, చెప్పగానే "పూర్తి పేరు?" అన్నాడు.

డిసెంబరు 6న అలీపూర్ రోడ్డులోని 26వ నంబరు చోటికి వెళ్లాము. 1956లో ఆ తేదీననే బాబాసాహెబ్ అక్కడ కన్నుమూశారు. ఇప్పుడక్కడ జాతీయ స్మారకం ఉన్నది. ఆయన చివరి సంవత్సరాల్లో రాసి, మరణానంతరం 1957లో వెలువడిన "బుద్ధుడు, ఆయన ధమ్మం" గ్రంథాన్ని గురించి ఆ ఆవరణలో కూర్చుండి మాట్లాడుకున్నాము. సిద్ధార్థుడు ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూసి ఇల్లు విడిచాడన్న కథను అంబేద్కర్ అంగీకరించలేదు. రోహిణీ నది నీటి కోసం శాక్యులకూ, కోలియులకూ వచ్చిన తగవులో యుద్ధాన్ని వ్యతిరేకించి, దాని ఫలితంగా దేశం విడిచాడని రాశారు. చూడండి, అడవికి పోయిన దారి నీటి తగవు నుండి మొదలైంది. ఆ రచయిత 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిలితో తాగినవాడు. ప్రకృతితో మన బంధాన్ని యంత్రాలు, నగరాలు తెంచాయని పండితులు అంటారు. మన విషయంలో అది ముందే తెంచబడింది. చెరువు దగ్గర, బావి దగ్గర, తొట్టి దగ్గర తెంచబడింది.

ఆ కొండల్లోనే మరొక సంగతి. ఫరీదాబాద్ అంచున ఖోరీ గావ్ అనే బస్తీ ఉండేది. ఒకప్పుడు చుట్టుపక్కల రాతిగనుల్లో పనిచేసినవారు, వలసకూలీలు అక్కడ ఇళ్లు కట్టుకున్నారు. అది ఆరావళీ అటవీభూమి గనుక ఖాళీ చేయించాలని 2021 జూన్ 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. సుమారు 10 వేల ఇళ్లు, కోవిడ్ కాలంలో, వానల్లో కూల్చివేయబడ్డాయి. ఆ అటవీభూమిలోని కట్టడాలు ఎవరివైనా తొలగించాలని కోర్టు చెప్పిన మాట నిజమే. అయితే విందు మందిరాలు, ఫార్మ్‌హౌస్‌ల వంతు వచ్చేసరికి వ్యవహారం ఏళ్ల తరబడి సాగింది. ఆరావళీని కాపాడాలి. అందులో మాకు సందేహం లేదు. ఢిల్లీ గాలి ఎట్లా ఉన్నదో శిబిరం నుండి బయటికి వచ్చిన రోజునే మా గొంతులు చెప్పాయి. కాని అడవిని కాపాడడానికి మొదట పేదవాని ఇంటి గోడ పడాలనే న్యాయాన్ని అశోకుడు చెప్పలేదు.

అశోకుని పేరు ఊరకే తీయలేదు. చివరి రెండు రోజులు ఆయన వెంటనే తిరిగాము. ఫిరోజ్ షా కోట్లాపై నిలిచిన తోప్రా స్తంభాన్ని 14వ శతాబ్దంలో సుల్తాను ఫిరోజ్ షా తుగ్లక్ 42 చక్రాల బండిపై, తరువాత యమునలో పడవలపై తెప్పించాడు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ చదివే వరకు దానిపై ఏమున్నదో ఎవరికీ తెలియలేదు. పట్టాభిషేకమైన 26 సంవత్సరాల తరువాత వేయించిన ఐదవ శాసనంలో చంపరాని ప్రాణుల జాబితా ఉన్నది. దానితో పాటు అడవులను నిష్కారణంగా కాల్చరాదనీ, ప్రాణులున్న పొట్టుకు నిప్పు పెట్టరాదనీ ఆజ్ఞ ఉన్నది. ఏటా పంట వ్యర్థాల పొగతో ఉక్కిరిబిక్కిరయ్యే నగరం నడిబొడ్డున ఈ శాసనం నిలబడి ఉన్నది. చదివేవారు లేరు. ఏడవ శాసనం ఈ ఒక్క స్తంభంపైనే కనిపిస్తుంది. బాటల పక్కన మర్రిచెట్లు, మామిడితోపులు, బావులు, విశ్రాంతి గృహాలు, మనుషులకూ పశువులకూ కలిపి.

మరునాడు దక్షిణ ఢిల్లీలో బహాపూర్ శాసనం చూశాము. 1966లో కాలనీ నిర్మాణం జరుగుతుండగా బయటపడిన ఆరావళీ బండ అది. ఉపాసకుడనైనా మొదట గట్టిగా ప్రయత్నించలేదని రాజు తానే ఒప్పుకుంటాడు. ఈ ఫలం గొప్పవారికి మాత్రమే కాదు, ప్రయత్నిస్తే చిన్నవారికీ దొరుకుతుందని అంటాడు. ఇదే శాసనం మా కర్నూలు జిల్లాలో ఎర్రగుడి బండలపైనా, రాజులమందగిరిలోనూ ఉన్నది. కొన్ని ప్రతుల్లో 256 అనే సంఖ్య కనిపిస్తుంది. రాజధానికి దూరంగా యాత్రలో గడిపిన రాత్రులని పండితులు వివరిస్తారు. శిబిరం మనకు కొత్త కాదు. వర్షావాసం పుట్టిన కారణం కూడా గుర్తు తెచ్చుకోండి. వానాకాలంలో భిక్షువులు తిరిగితే పచ్చికా, చిన్నచిన్న పురుగులూ కాళ్లకింద నలిగిపోతున్నాయని ప్రజలు ఆక్షేపించగా బుద్ధుడు మూడు నెలలు ఒకచోట ఉండమన్నాడు. మన స్వస్థత కోసం ప్రకృతిని వాడుకొనడం ఇప్పటి శిబిరం. మన కాళ్ల నుండి ప్రకృతిని తప్పించడం ఆనాటి శిబిరం.

ఈ ఆలోచనతోనే కార్యవర్గం ముందు ఒక ప్రతిపాదన ఉంచాము. వారు అంగీకరించారు. వచ్చే మాఘ పౌర్ణమికి ఎర్రగుడి వద్ద మూడు రోజుల శిబిరం జరుపుతాము. తొలకరి పడగానే వజ్రాల కోసం జనం తలలు వంచి, అడుగు అడుగునా నేలను చూస్తూ తిరిగే జొన్నగిరి ఆ పక్కనే. అంతటి ఏకాగ్రతతో చంక్రమణం చేసేవారిని మేము ఏ ధ్యానకేంద్రంలోనూ చూడలేదు! రుసుము లేదు. బియ్యం, పప్పు దానంగా ఇవ్వదలచినవారు ఇవ్వవచ్చును. ఉదయం ఆనాపానసతి, మధ్యాహ్నం శాసన పఠనం, సాయంత్రం చుట్టుపక్కల పల్లెల్లో మన వాడలకు నీళ్లు ఎక్కడి నుండి వస్తున్నాయో, ఎవరు ముందు పట్టుకుంటున్నారో తిరిగి చూసి రాసుకొనడం. మూడవ రోజు చెట్లను, మందుమొక్కలను పరిచయం చేయడానికి మా తల్లిగారు వస్తామన్నారు. స్త్రీలకు వేరుగా బస ఏర్పాటు ఉంటుంది. శాసనం పురావస్తుశాఖ వారి రక్షణలో ఉన్నది గనుక అక్షరాలపై చేయి వేయరాదు, పసుపు కుంకుమలు, సున్నం పూయరాదు. ఒక దుప్పటి, నీళ్ల సీసా, టార్చిలైటు తెచ్చుకోండి. అక్కడ సర్కారు తుమ్మ విపరీతంగా ఉన్నది, దారి పొడవునా ముళ్లే. అందరూ చెప్పులు వేసుకొని రావలసిందిగా మనవి.

నమో బుద్ధాయ. జైభీమ్.